మీకు తెలుసా? తప్పు బడిది, బిల్లు సర్కారుకు

దక్షిణాఫ్రికాలో ప్రతి ప్రభుత్వ బడికీ ఎన్నికైన పాలకమండలి ఉంటుంది. పిల్లలు ఎలా నడుచుకోవాలి, పాఠాలు ఏ భాషలో సాగాలి, ఎవరిని చేర్చుకోవాలి అన్న విధానాలు రాసేది అదే. మరి ఆ మండలి తప్పు చేస్తే కోర్టుకు ఈడ్చేది ఎవరిని? డబ్బు కట్టేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే కాదు. అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

బడే ఒక ‘వ్యక్తి’
1996 నాటి దక్షిణాఫ్రికా బడుల చట్టం 15వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడీ చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. ఒప్పందాలు చేసుకోవచ్చు, దావా వేయవచ్చు, దావా ఎదుర్కోనూవచ్చు. పాలకమండలికి మాత్రం ఈ సెక్షన్ అలాంటి హోదా ఇవ్వలేదు. బడి తరఫున మాట్లాడే నోరు, సంతకం పెట్టే చెయ్యి మాత్రమే అది.

ఇంగ్లండ్‌లో తలకిందులు
స్థానిక ప్రభుత్వ నిధులతో నడిచే బడుల విషయంలో ఇంగ్లండ్, వేల్స్ సరిగ్గా ఎదురు దారి పట్టాయి. 2002 విద్యా చట్టం 19వ సెక్షన్ అక్కడ పాలకమండలికే చట్టబద్ధ సంస్థ హోదా ఇచ్చింది. కాబట్టి కోర్టు కాగితాల మీద మండలి పేరే ఉంటుంది.

ముక్కుపుడక తెచ్చిన తీర్పు
మళ్లీ దక్షిణాఫ్రికాకు వస్తే, డర్బన్‌లోని ఒక బాలికల హైస్కూలు నియమావళి ముక్కుపుడకను ఒప్పుకోలేదు. దక్షిణ భారత మూలాలున్న ఒక విద్యార్థిని తల్లి, అది మా ఆచారం అంటూ కోర్టుకెక్కింది. ప్రావిన్స్ విద్యామంత్రితో పాటు బడి పాలకమండలి అధ్యక్షురాలు కూడా ఈ కేసులో కక్షిదారే. 2007 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ అమ్మాయికి మినహాయింపు ఇవ్వకపోవడం అన్యాయమైన వివక్ష అని తేల్చింది. అప్పటికి ఆమె బడి వదిలేసింది కూడా. అయినా విద్యార్థులతో, తల్లిదండ్రులతో, సిబ్బందితో సంప్రదించి, ఇలాంటి మినహాయింపులకు చోటిచ్చేలా నియమావళిని సవరించమని కోర్టు పాలకమండలినే ఆదేశించింది. డబ్బు అడిగే కేసుల్లో మండలి వెనక్కి తప్పుకోవచ్చు గానీ, విధానాన్ని సవాలు చేసినప్పుడు అది ముందుకు రాక తప్పదు.

113 మంది పిల్లల కోసం
ఎంపుమలాంగా ప్రావిన్స్‌లోని ఎర్మెలో హైస్కూలు ఆఫ్రికాన్స్ మాధ్యమంలోనే నడిచేది. ఇంగ్లిష్‌లో చదవాలనుకున్న 113 మంది ఎనిమిదో తరగతి పిల్లలకు చోటు దొరక్కపోవడంతో గొడవ మొదలైంది. విద్యాశాఖ అధిపతి పాలకమండలి అధికారాన్ని లాక్కుని వేరే కమిటీకి కట్టబెట్టారు. అది చట్టవిరుద్ధమని 2009లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అలాగని మండలినీ వదల్లేదు. భాషా విధానాన్ని మళ్లీ పరిశీలించి తమకు నివేదించమంది.

పిల్లవాడికి దెబ్బ తగిలితే?
బడి కార్యక్రమంలో ఎవరికైనా నష్టం జరిగితే, మామూలుగా బడి కట్టాల్సిన పరిహారాన్ని దక్షిణాఫ్రికా బడుల చట్టం 60వ సెక్షన్ ప్రభుత్వం నెత్తిన పెట్టింది. దావా వేయాల్సింది కూడా ప్రావిన్స్ విద్యామంత్రి మీదే. బడికి ఆ ప్రమాదాన్ని భరించే బీమా ఉంటే, బీమా తీర్చగా మిగిలింది మాత్రమే ప్రభుత్వం కడుతుంది. 2014లో లింపోపో ప్రావిన్స్‌లో ఐదేళ్ల పిల్లవాడు బడి మరుగుదొడ్డి గుంటలో పడి చనిపోయాడు. ఆ కుటుంబం ప్రభుత్వం మీద పోరాడింది. 2019 డిసెంబరులో సుప్రీం అప్పీల్ కోర్టు వారికి పరిహారం ఇప్పించింది.

సొంత వ్యాపారమైతే సొంత పూచీ
సర్కారు పూచీ అనే ఈ గొడుగుకు రెండు చిల్లులున్నాయి. నిధుల కోసం బడి నడిపే వ్యాపారంలో నష్టం జరిగితే ప్రభుత్వానికి సంబంధం లేదు. సర్కారు మంజూరు చేసిన పోస్టులు కాక బడి తనంతట తాను నియమించుకున్న టీచర్ల విషయంలోనూ యజమానిగా బాధ్యత బడిదే. ఇక్కడ నేరుగా బడి మీదే దావా వేయవచ్చు. కాకపోతే ముందుగా విద్యాశాఖ అధిపతికి రాతపూర్వకంగా తెలియజేయాలి.

అప్పిచ్చినవాడికే నష్టం
ప్రావిన్స్ విద్యామంత్రి రాతపూర్వక అనుమతి లేకుండా పాలకమండలి అప్పు తీసుకోకూడదు. ఆ అనుమతి చూడకుండా ఎవరైనా అప్పిస్తే ఆ ఒప్పందానికి బడీ, ప్రభుత్వమూ రెండూ కట్టుబడవు. వసూలు కోసం కోర్టుకు వెళ్లేవారికి ఇది పెద్ద అడ్డుగోడ.

విద్యార్థి సభ్యుడికి రక్ష
హైస్కూళ్లలో ఎనిమిదో తరగతి, ఆపైన చదివే పిల్లల ప్రతినిధులూ మండలిలో కూర్చుంటారు. మైనరు సభ్యులు బడి తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు, బడి మీద ఆర్థిక భారం మోపే తీర్మానాల్లో ఓటు వేయకూడదు. సభ్యత్వం వల్ల ఏం జరిగినా వారి మీద వ్యక్తిగత బాధ్యత పడదు.

మండలే కోర్టుకెక్కితే?
డర్బన్‌లో ఒక ట్రస్టు స్థలంలో నడుస్తున్న జుమా మస్జిద్ ప్రాథమిక పాఠశాలను ఖాళీ చేయించాలని ట్రస్టు పట్టుబట్టింది. పాలకమండలి రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. స్థలం ప్రైవేటుదే అయినా పిల్లల చదువు హక్కుకు అడ్డుపడకుండా చూసుకునే బాధ్యత ట్రస్టుకూ ఉందని 2011లో కోర్టు స్పష్టం చేసింది.

తెలుగుకూ ఇందులో చోటుంది
1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. నేటి దక్షిణాఫ్రికా పాఠ్యప్రణాళికలో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగు కూడా ఒక సబ్జెక్టు. బడి భాషా విధానం రాసేది పాలకమండలే అయినా, 2024లో వచ్చిన సవరణ చట్టం దానికి విద్యాశాఖ అధిపతి ఆమోదాన్ని తప్పనిసరి చేసింది. అంటే ఇకపై భాష గురించి కోర్టుకెక్కే తల్లిదండ్రులు విధానం రాసిన మండలితో పాటు, దాన్ని ఆమోదించిన అధికారినీ నిలదీయవచ్చు.