రక్తపోటు యంత్రము పంపే కబురు

పెద్దలున్న ఇండ్లలో రక్తపోటు చూచే చిన్న యంత్రము, చక్కెర చూచే మరియొకటి నేడు సామాన్యమైనవి. కొన్నింటిలో బ్లూటూత్ ఉండుటచేత కొలత తనంతట ఫోనులో చేరి, అక్కడినుండి పొరుగూరి బిడ్డలకో, వైద్యునికో పోవుచున్నది. సదుపాయము మంచిదే. అయితే ఆ అంకె ఎట్లు చేరుచున్నదో గృహస్థులు కొంత తెలిసికొనుట అవసరమని మా అభిప్రాయము.

ఇంట తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో మాట్లాడే మనకు వేరే చెప్పనక్కరలేదు: ఇద్దరికీ తెలిసిన భాష ఉంటేనే పని జరుగును. యంత్రములకును అంతే. వాటి మాటకు ముందుగా ఏర్పరచిన కట్టుబాటును ప్రోటోకాల్ అందురు. తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్ 2010లో నాలుగవ కూర్పుతో వచ్చినది. రక్తపోటు కబురు ఎట్లుండవలెనో దానికొక నిర్ణయమున్నది. పై అంకెకు, క్రింది అంకెకు, కొలమానమునకు అందులో స్థానము తప్పనిసరి. కొలిచిన వేళ, చూపించుకొన్నవారి గుర్తు మాత్రము ఉండవచ్చును, లేకపోవచ్చును.

చిక్కంతా ఇక్కడనే. ఒకే యంత్రముతో భార్యాభర్తలు చూచుకొనే ఇంట మీట మార్చుట మరచినచో, అమ్మగారి 160 నాయనగారి లెక్కలో పడును. దానిని చూచి వైద్యుడు ఆయనకు మందు పెంచవచ్చును. ఫోను దగ్గర లేనప్పుడు కొన్ని యంత్రములు కొలతను దాచుకొని తరువాత పంపును. బ్యాటరీ మార్చినపుడు గడియారము తప్పియుంటే అది తప్పు తేదీతో చేరును.

చక్కెరకు కొలమానము ప్రాణము వంటిది. మన దేశమున మిల్లీగ్రాములలో చెప్పుదురు, బ్రిటనులో మిల్లీమోలులలో. మన 180 అక్కడ 10. లండనునుండి బిడ్డ తెచ్చిన యంత్రము 10 చూపగా, చక్కెర పడిపోయినదని తీపి పెట్టినచో ఎంత ప్రమాదము!

ఆసుపత్రుల కంప్యూటర్లకు వేరొక భాష కలదు. 1987లో ఏర్పడిన హెచ్.ఎల్.7 సంస్థ రూపొందించిన ‘ఫైర్’ పద్ధతిని, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ స్వీకరించినది. అందులో రోగికి, వేళకు, కొలమానమునకు వేర్వేరు గదులున్నవి. కాని ఇంటివద్ద తప్పు పేరుతో బయలుదేరిన అంకె అక్కడను తప్పు పేరుతోనే కూర్చుండును. కట్టుబాటు కబురును చెడకుండ చేర్చునే గాని, తప్పును ఒప్పు చేయజాలదు.

కావున కొలిచిన ప్రతిసారి పేరు, వేళ, కొలమానము మూడును సరిచూచుకొనవలెను. యంత్రము ప్రక్కన ఒక చిన్న నోటుపుస్తకము ఉంచి, అందులో కూడ వ్రాసికొనుట మేలు. వైద్యునివద్దకు పోవునపుడు ఫోనుతోబాటు దానిని కూడ తీసికొనిపొండని మా మనవి.