గేరు సైకిలు: ముందు డీరైలరును సరిచేయుట

గేరు సైకిలు ఎత్తెక్కువేళ చైను జారిపడుట చిన్న విషయము కాదు. తొక్కుచున్న కాలికి ఒక్కసారిగా ఆధారము తప్పును. మా యింటి పిల్లవానికి ఒక వంతెనమీద అట్లే జరిగినది. మోకాలి దెబ్బతో బయటపడినాడు. ఆ సాయంత్రమే మేము స్క్రూలు త్రిప్పితిమి. మరునాడు చైను రెండవవైపున జారినది! డీరైలరే తన స్థానమునుండి పైకి తప్పియున్నదని పిమ్మట గ్రహించితిమి.

టూర్ ద ఫ్రాన్స్ పందెములో డీరైలర్లకు 1937లోగాని అనుమతి రాలేదు. నేడు అవి మన వీధులలోని పిల్లల సైకిళ్లకును వచ్చినవి. పెడళ్లవద్ద చిన్నదియు పెద్దదియునగు రెండు పళ్లచక్రములున్న సైకిలును తీసికొందము. చైనును ఒకదానినుండి రెండవదానిపైకి నెట్టు రెండు రేకుల గూడే ముందు డీరైలరు. కేబులు లాగినపుడు గూడు పెద్దచక్రమువైపు వెలుపలికి జరుగును; వదలినపుడు స్ప్రింగు దానిని లోనికి లాగును. ఈ రాకపోకలకు హద్దులు రెండు స్క్రూలు: ‘ఎల్’ లోపలి హద్దు, ‘హెచ్’ వెలుపలి హద్దు. సరిహద్దు రాయి చూడక గట్టు వేసినట్లు, స్థానము చూడక స్క్రూలు త్రిప్పరాదు.

మొదటిది స్థానము. గూటిని చేతితో పెద్దచక్రముమీదికి జరిపి చూడవలెను. వెలుపలి రేకునకును చక్రపు పళ్లకును నడుమ 1 నుండి 3 మిల్లీమీటర్ల ఎడముండి, రేకు చక్రమునకు సమాంతరముగా నిలువవలెను. లేనిచో కేబులును వదలుచేసి, డీరైలరును ఫ్రేమునకు బిగించు బోల్టు సడలించి సరిచేయవలెను.

రెండవది లోపలి హద్దు. కేబులు వదులుగా నుండగనే చైనును ముందు చిన్నచక్రముమీదను, వెనుక అన్నిటికంటె పెద్దచక్రముమీదను ఉంచవలెను. లోపలి రేకు చైనునకు తగులక, అరమిల్లీమీటరులోపు ఎడముతో నిలుచునట్లు ‘ఎల్’ స్క్రూను త్రిప్పవలెను.

మూడవది కేబులు. దానిని చేతితో బిగువుగా లాగిపట్టి బోల్టు బిగించవలెను.

నాల్గవది వెలుపలి హద్దు. చైనును ముందు పెద్దచక్రముమీదికిని, వెనుక అతి చిన్నదానిమీదికిని తెచ్చి, వెలుపలి రేకునకును అంతే ఎడముండునట్లు ‘హెచ్’ స్క్రూను అమర్చవలెను.

ఇక చక్కని మార్పు మిగిలియున్నది. చైను పెద్దచక్రముపైకి ఎక్కుటకు మొరాయించినచో కేబులు బిగువు చాలలేదని అర్థము. కేబులు చివరనున్న మరను అపసవ్యముగా కొంచెము త్రిప్పిన బిగువు పెరుగును. లోనికి జారినచో ‘ఎల్’, వెలుపలికి జారినచో ‘హెచ్’ స్క్రూను సవ్యముగా పావుచుట్టు మాత్రమే త్రిప్పి, మరల పరీక్షింపవలెను. కేబులు త్రుప్పుపట్టి లాగుడుపడుచున్నచో స్క్రూలవలన ప్రయోజనము లేదు. దానిని మార్చుటయే దారి.

తుదకు వెనుకచక్రమును నేలనుండి ఎత్తి, పెడలు త్రిప్పుచు పదిమార్లు గేరు మార్చి చూడవలెను. పిమ్మట రద్దీలేని వీధిలో తొక్కవలెను. పిల్లవానిని వంతెనమీదికి పంపుట ఆ తరువాతనే.