సికందరుబాగు ఛాయాచిత్రము

1858వ సంవత్సరమున లక్నోనగరములో తీయబడిన యొక ఛాయాచిత్రమును గూర్చి సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి. చరిత్రగ్రంథములలో అది తఱచుగా కానవచ్చునదే. స్తంభముల వరండా గల యొక పెద్ద కట్టడము. దాని గోడలు ఫిరంగిగుండ్ల దెబ్బలకు చిల్లులుపడి, సున్నము పెచ్చులూడి యున్నవి. ముంగిట నేలనిండ మనుష్యుల ఎముకలు, పుఱ్ఱెలు. కొందఱు మన దేశస్థులు, ఒక గుఱ్ఱము, తమకేమియు పట్టనట్లు నిశ్చలముగా నిలిచియున్నారు. తొలిసారి చూచినవారు చప్పున పుట త్రిప్పివేయుదురు. మేమును అట్లే త్రిప్పివేసి, పిదప మరల తెఱచి చూచితిమి.

ఆ కట్టడము సికందరుబాగు లోనిది. చిత్రమును తీసినవాడు ఫెలిచే బియాటో యనువాడు. ఇతడు వెనిసు నగరమున పుట్టినవాడు, బ్రిటిషు పౌరసత్వము గలవాడు. క్రిమియా యుద్ధభూమిలో ఛాయాచిత్రములు తీసి పేరుపొంది, 1858 మొదట కలకత్తాలో దిగి, అచ్చటినుండి లక్నోకు వచ్చెను.

సికందరుబాగు కోట కాదు, సేనానివాసమును కాదు. అవధ్ రాజ్యమునకు కడపటి నవాబైన వాజిద్ అలీషా తన ప్రియపత్ని సికందరు మహలు పేర కట్టించిన విహారోద్యానము. ఆ నవాబునకు సంగీతమునందును కథక్ నృత్యమునందును గల మక్కువ లోకవిదితము. పూలపాదులు, నడుమ నొక మండపము, ఒక చిన్న మసీదు, సింహద్వారముపై అవధ్ రాజచిహ్నమైన చేపలజంట. అన్నిటిని చుట్టి యెత్తయిన ప్రాకారము. విహారమునకు మఱుగుగా నుండిన ఆ గోడయే పదియేండ్లలోపున చావుబోనగునని కట్టించినవాడు కలనైనను తలచియుండడు.

1856లో కుంపిణీవారు అవధ్‌ను కలుపుకొని నవాబును కలకత్తాకు పంపివేసిరి. మఱుసటి సంవత్సరమే సిపాయీల పోరాటము చెలరేగెను. లక్నోలోని ఆంగ్లేయులు, వారితో స్త్రీలు, బిడ్డలు రెసిడెన్సీ భవనములలో చిక్కుకొనిరి. వారిని వెలికి దెచ్చుటకై సర్ కోలిన్ క్యాంబెల్ సేనతో బయలుదేరెను. త్రోవలో సికందరుబాగు అడ్డముగా నుండెను; లోపల సిపాయీలు పొంచియుండిరి. 1857 నవంబరు 16వ తేదీన ఫిరంగులతో గోడకు గండి కొట్టి, 93వ హైలాండర్లును నాలుగవ పంజాబు దళమువారును లోనికి చొఱబడిరి. చుట్టును గోడయే యగుటచే లోపలివారికి తప్పించుకొను దారి లేకపోయెను. సుమారు 2,000 మంది సిపాయీలు అచ్చటనే కూలిరి. అంతకు నాలుగు నెలల ముందు కాన్పూరు బీబీఘరులో సుమారు 200 మంది ఆంగ్లేయ స్త్రీలను బిడ్డలను తిరుగుబాటువారు చంపించియుండిరి. ఆ పగ తలంచుకొనియే సోల్జర్లు ఇచ్చట బాయినెట్లు దూసిరి. ఒక ఘోరమును చెప్పునపుడు రెండవదానిని దాచుట న్యాయము కాదు గనుక రెండును చెప్పితిమి.

చిత్రమేమనగా, మూడు దినములు గడచిన పిదప, 19వ తేదీన, రెసిడెన్సీనుండి తరలింపబడిన ఆంగ్లేయ స్త్రీలును బిడ్డలును తొలుత దిగి అలసట తీర్చుకొన్నది ఈ సికందరుబాగుననే. అంతమంది చచ్చిన చోటున, నెలలకొలది ఆకలిని చావును చూచిన తల్లులు పిల్లలకు ఇంత తినిపించుకొని, నడురేయి మరల పయనమైరి. ఈ రాత్రికి ఛాయాచిత్రము లేదు.

ఉండుట సాధ్యమును కాదు. ఆనాటి కెమేరాతో కదలుచున్న దేనిని పట్టుటకును వీలులేదు. పెద్దపెట్టె, ముక్కాలిపీట, మందు పూసిన గాజుపలకలు. పలకపై వెలుగు పడవలసిన కాలమంతయు ఎదుటనున్నది కదలరాదు. కదలినచో మసకయే మిగులును. పలకనుండి కాగితముపై అచ్చు దింపుటకు కోడిగ్రుడ్ల తెల్లసొన పూసిన కాగితమును వాడుచుండిరి. వంటింటి వస్తువు చరిత్రకు ఇట్లును పనికివచ్చినది. కావున యుద్ధమును చూపదలచిన ఛాయాచిత్రకారుడు యుద్ధము ముగిసిన పిదపనే రావలసియుండెను. కదలని రెండు వస్తువులే అతనికి దొరకుచుండెను: కూలిన కట్టడములు, చనిపోయినవారు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. సిపాయీలు చనిపోయినది నవంబరులో. లక్నో మరల బ్రిటిషువారి వశమైనది 1858 మార్చిలో. బియాటో చిత్రము తీసినది ఆ తరువాతనే. అన్ని నెలల పిదప ఎముకలు ముంగిటనెట్లు పఱచియున్నవి? ఆ కాలమున అవధ్‌లో ఉద్యోగియైయుండిన సర్ జార్జి క్యాంబెల్ (సేనాని క్యాంబెల్ వేఱు, ఇతడు వేఱు) 1893లో అచ్చయిన తన స్మృతులలో దీనికి సమాధానము చెప్పియున్నాడు. శవములను మర్యాదగా కప్పివేసియుండిరట; ఛాయాచిత్రకారుడే పట్టుపట్టి వానిని పైకి తీయించి, చిత్రము తీసినాడట. ఇది ఒకరి మాటయే కదా యనవచ్చును. కాని 1860లో చైనా దేశమున టాకు కోటలు పట్టుబడినప్పుడు అచ్చటనుండిన డాక్టరు రెన్నీ యను సేనావైద్యుడును, బియాటో అట్టి ఉత్సాహముతోనే శవముల గుంపును చూచి, చిత్రము తీయువఱకు వానిని కదపవద్దని కోరెనని వ్రాసెను. రెండు దేశములలో ఇద్దఱు వేఱువేఱుగా చెప్పిన సాక్ష్యమిది.

అట్లయినచో చిత్రము అబద్ధమా? మేమట్లనము. అచ్చట చచ్చినమాట నిజము, ఎముకలును ఆ మృతులవే. అయినను చూపఱుల కంటికి అది పోరు ముగిసిన మఱునాటి దృశ్యమువలె తోచుచున్నది. దానిక్రింద వ్రాసిన పేరును ఆ భ్రమనే పెంచుచున్నది: 2,000 మంది తిరుగుబాటుదారుల వధయనియు, నవంబరు 1857 దాడియనియు అందు కలదు గాని, చిత్రము తీసిన నెల లేదు, ఎముకలు త్రవ్వి పఱచినవను మాటయు లేదు. ఆ ప్రతులను కొన్నవారు చాలవఱకు బ్రిటిషు సైనికోద్యోగులు, వారికది విజయచిహ్నము. నేడు మన పిల్లలకు అదియే పరపాలన క్రౌర్యమునకు సాక్ష్యము. గాజుపలక మాఱలేదు, చూచువారే మాఱిరి.

మా మనస్సును కలచునది మఱియొకటి. మన యిండ్లలో గతించిన పెద్దల పటమునకు పూలదండ వేసి, దీపము పెట్టి, ఏటేట తద్దినము నాడు తలంచుకొందుము. ఎవరి కాలైనను పటమునకు తగిలిన యెడల కన్నుల కద్దుకొందుము. ఆ తోటలో పడినవారికి పేరు లేదు, కర్మ లేదు, కప్పిన గుప్పెడు మన్నును ఒక పటముకొఱకు తీసివేయబడినది. వారిలో ఒక్కొక్కనికిని ఎచ్చటనో యొక పల్లెలో తల్లియో ఆలియో ఎదురుచూచియుండును. బొమ్మ ఎంత గొప్పదైనను ఆ పని మాకు సమ్మతము కాదు. కాని ఆ బొమ్మయే లేకుండిన నేడు ఆ మృతులను తలంచువారెందఱుందురో యనియు తోచుచున్నది. ఈ రెండు తలంపులును మాలో ఇంకను పెనగులాడుచునేయున్నవి.

బొమ్మలో కానరాని మఱియొకరున్నారు. 93వ దళమున సార్జంటుగా నుండిన ఫార్బెస్ మిచెల్, 1893లో వెలువడిన తన గ్రంథమున ఒక రావిచెట్టును గూర్చి వ్రాసెను. చెట్టుక్రింద చల్లని నీటికుండలుండెను; దప్పిగొని చేరిన సోల్జర్లు ఒకరివెనుక నొకరు కూలిపోవుచుండిరి. గాయములు పైనుండి తగిలినట్లు గుర్తించి, కొమ్మలలోనికి కాల్పించగా ఒక దేహము నేలకూలెను. కూలుటలో ఎఱ్ఱని చొక్కా విచ్చుకొనగా అది స్త్రీ! ఆమె పేరు ఆ దొర యెఱుగడు. లక్నోప్రాంతపు జనులు మాత్రము ఆమెను ఊదాదేవిగా చెప్పుకొందురు. పాసీ కులమున పుట్టినదనియు, భర్త మక్కాపాసీ చిన్హట్ యుద్ధమున చనిపోయెననియు వారి వాడుక. ప్రతిసంవత్సరము నవంబరు 16వ తేదీన ఆమె వర్ధంతి జరుపుదురు. పండితులు వేయు ప్రశ్నలు వారి కక్కఱలేదు.

నేడు ఆ స్థలమున జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనసంస్థవారి తోట కలదు. పాత కట్టడములలో మిగిలినవి సింహద్వారము, మసీదు, ప్రాకారములో కొంత భాగము మాత్రమే. లక్నో చూడబోవు కుటుంబములవారు ఆ ద్వారమువద్ద నిలిచి ఫోనుతో బొమ్మలు తీసికొనుట సామాన్యము. తీసికొనవద్దని మేము చెప్పము. పిల్లలను ద్వారమున నిలిపి నవ్వుమనుటకు ముందు, ఇచ్చట ఏమి జరిగినదో వారికి రెండు మాటలలో చెప్పిన యెడల, వారి ముఖములు తమంతట తామే తగినట్లు మాఱును. బొమ్మకు తేదీ వ్రాసి, చూపినదేదో, చూపనిదేదో క్రింద వ్రాసియుంచిన మఱియు మేలు. బియాటో వ్రాయనిది అదియే కదా. ద్వారముపై చేపలు దగ్గఱగా తీసిన బాగుగా వచ్చును. తోట వెలుపల కూడలిలో తుపాకి చేతబట్టిన ఊదాదేవి విగ్రహము కలదు. ద్వారమును తీసి, ఆమెను తీయక తిరిగి రావలదు.