దృష్టినాడి వాపు – తొలి వైద్యుని బాధ్యత

తలనొప్పి అని బడి మానే పిల్లవానిని పెద్దలు తొందరగా నమ్మరు. నమ్మినా, కళ్లద్దాలు అవసరమేమో అనుకొంటారు. చాలా సందర్భాలలో ఆ ఊహ తప్పు కాదు. కాని మామూలు తలనొప్పుల నడుమ ఎప్పుడో ఒకటి కపాలంలో ఒత్తిడి పెరగడం వల్ల వచ్చినది ఉంటుంది. దానిని ముందుగా అనుమానించవలసినవాడు పెద్ద ఆసుపత్రిలోని నిపుణుడు కాదు. బిడ్డను మొదట చూసే సామాన్య వైద్యుడే.

మెదడును కప్పి ఉంచే పొరలే దృష్టినాడిని కూడా కంటి వరకు కప్పి ఉంచుతాయి. ఆ పొరల మధ్య మస్తిష్క మేరుద్రవం ఉంటుంది. కపాలంలోని ఒత్తిడి ఈ ద్రవం ద్వారా కంటి వెనుకకు చేరి, నాడి కంటిలో ప్రవేశించే చోటును ఉబ్బిస్తుంది. ఇదే పాపిలెడీమా. సాధారణంగా రెండు కళ్లలోనూ కనిపిస్తుంది. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును లోకానికి పరిచయం చేసిన తరువాతనే వైద్యులు ఈ వాపును కళ్లారా చూడగలిగారు.

మెదడులో కణితి, ద్రవం నిలిచిపోయే హైడ్రోసెఫలస్, మెదడు పొరలకు సోకిన క్షయ, ముదిరిన చెవి వ్యాధి వల్ల మెదడు సిరలలో రక్తం గడ్డకట్టడం – ఇవి కొన్ని కారణాలు. కొందరిలో, ముఖ్యంగా స్థూలకాయులైన కౌమారవయస్కులలో, స్కానింగులో కణితి వంటిదేదీ కనిపించకపోయినా ఒత్తిడి అధికంగా ఉంటుంది.

ఈ వాపులో మోసగించే గుణం ఒకటుంది. తొలిదశలో చూపు దాదాపు చెడదు. గోడమీది అక్షరాలను పిల్లవాడు చివరి వరుస దాకా చదివివేస్తాడు. అందువల్ల చూపు బాగుందన్న ఒక్క మాటతో నిశ్చింత పడరాదు. నొప్పి తెల్లవారుజామున ఎక్కువా? వాంతులవుతున్నాయా? వంగినప్పుడు క్షణకాలం కళ్లు మసకబారుతున్నాయా? వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయా? కొత్తగా మెల్లకన్ను వచ్చిందా? నడక తూలుతోందా? ఈ ప్రశ్నలను తల్లిని, బిడ్డను ఓపికగా అడగాలి. మాడు పూడని పసిబిడ్డలలో కన్ను ఏమీ చెప్పకపోవచ్చు. వారిలో ఉబ్బిన మాడు, వేగంగా పెరిగే తల చుట్టుకొలత చూడాలి.

ఇంగ్లండులో ఎనిమిదేళ్ల బాలుడొకడు కంటి పరీక్ష జరిగిన కొన్ని నెలలకే, 2012లో, హైడ్రోసెఫలస్‌తో మరణించాడు. నాడి వాపును గుర్తించలేదని పరీక్షించిన వ్యక్తికి 2016లో శిక్ష పడింది. 2017లో అప్పీలు న్యాయస్థానం దానిని కొట్టివేసింది. ఆ తరువాత అక్కడ అనుమానంతో ఆసుపత్రులకు పంపేవారి సంఖ్య పెరిగింది. అలా వచ్చిన వారందరికీ వాపు ఉండదు. పుట్టుకతోనే నాడి అంచులు మసకగా ఉన్నవారు, దానిలో సున్నపు రేణువులు చేరినవారు కూడా వాపు ఉన్నట్లే కనిపిస్తారు. అయినా ఆ తేడాను తేల్చడం సామాన్య వైద్యుని పని కాదు.

అనుమానం కలిగిన రోజే బిడ్డను స్కానింగ్, మెదడు శస్త్రచికిత్స సౌకర్యాలున్న ఆసుపత్రికి పంపాలి. నెల తరువాత రమ్మనడం ప్రమాదకరం. పంపేముందు రక్తపోటు చూడడం మరువరాదు; అది మితిమీరినా నాడి ఉబ్బుతుంది. స్కానింగుకు ముందు వెన్నునీరు తీయించరాదు. లోపల కణితి ఉంటే మెదడు కిందికి జారే అపాయముంది. లేఖలో లక్షణాలు మొదలైన తేదీ, వాడుతున్న మందులు రాయాలి. టెట్రాసైక్లిన్ జాతి మందులు, అధిక మోతాదులో విటమిన్ ఎ కూడా ఒత్తిడిని పెంచగలవు. దారిలో బిడ్డ మత్తుగా మారితే దగ్గరలోని అత్యవసర విభాగానికి తీసుకుపోవాలని తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పి పంపాలి.