రాకడ ఎప్పుడో తెలీదు.. చీనీ మొక్క నాటాలా, వద్దా?

అప్పుడు నాకు పదకొండేళ్లు. ప్రొద్దుటూరులో బడి వదిలాక ఇంటికొస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద చారు కాగుతోంది. ఇంట్లో మాత్రం ఎవ్వరూ లేరు. అమ్మను పిలిచా, అవ్వను పిలిచా. పలుకు లేదు. పుస్తకాల సంచి కింద పడేసి గడప మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టా.

ఎందుకంటే ముందురోజు రాత్రే మా పేటలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మైకు అదిరిపోయేలా చెప్పాడు. విశ్వాసులంతా ఒక్క క్షణంలో మాయమైపోతారట. పొయ్యి మీది కూర పొయ్యి మీదే ఉంటుందట. మిగిలిపోయినవాళ్లకు ఏడేళ్ల మహాశ్రమలట. నేను మిగిలిపోయానన్నమాట!

పది నిమిషాలకు అమ్మా, అవ్వా చెరో బిందెతో వచ్చారు. వీధి చివర నీళ్ల ట్యాంకరు వచ్చిందంట, పరిగెత్తారు. నన్ను చూసి అవ్వ ‘‘ఏందిరా అబ్బీ, యాలేడుస్తాండావ్?’’ అంది. ‘‘మీరంతా ఎత్తబడినారేమో అనుకున్యా’’ అన్నా. అవ్వ బిందె దించి, కొంగుతో నా మొహం తుడిచింది. ‘‘నిన్నిడిసిపెట్టి నేనెట్ల పోతారా’’ అంది.

క్రైస్తవ ఇళ్లల్లో పెరిగినవాళ్లను అడిగి చూడండి. ఇలాంటి ఖాళీ ఇల్లు చాలామందికి గుర్తుంటుంది. అది 1999. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని పేపర్లు, లోకమే ఆగిపోతుందని కూటాలు చెబుతున్న రోజులు.

బట్ట మీద ఏడు తలల మృగం

ఆ ప్రసంగీకుడు స్టేజీ వెనక పొడవాటి బట్ట కట్టించాడు. దాని మీద యుగాల పటం. ఎడమ చివర ఏదెను తోట, కుడి చివర పరలోకం. మధ్యలో నల్లరంగు గడి. అందులో ఏడు తలలు, పది కొమ్ముల క్రూరమృగం. ఆ గడి పేరే మహాశ్రమలు.

వరస ఇదీ. ముందు సంఘం ఎత్తబడుతుంది. తర్వాత క్రీస్తు విరోధి ఏడేళ్లు ఏలుతాడు. మొదటి మూడున్నరేళ్లు శాంతి నటన, తర్వాతి మూడున్నరేళ్లు నరకం. కుడిచేతి మీదో నొసటి మీదో ముద్ర లేనివాళ్లు కొనలేరు, అమ్మలేరు. ఆఖరికి హార్‌మెగిద్దోను యుద్ధం, ఆ తర్వాత వెయ్యేళ్ల పాలన.

ఆ పటం బైబిల్లో ఏదో ఒక్కచోట ఉందని పెద్దయ్యేదాకా నమ్మా. లేదు. ఏడేళ్ల లెక్క దానియేలు గ్రంథంలోంచి, ఎత్తబడటం పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రికలోంచి, మహాశ్రమ అన్న మాట మత్తయి 24వ అధ్యాయంలోంచి, మృగం, ముద్ర ప్రకటన గ్రంథంలోంచి తెచ్చి ఒక్క దారానికి గుచ్చారు. శ్రమలకు ముందే ఎత్తబడతామన్న వరసను 1830ల్లో ప్రచారంలోకి తెచ్చింది ఐర్లాండ్‌లో చర్చి సేవ చేసిన జాన్ నెల్సన్ డార్బీ. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు దాన్ని ప్రపంచమంతా తిప్పింది. విశ్వాసులు కూడా శ్రమల గుండానే పోవాలనేవాళ్లున్నారు. వెయ్యేళ్లన్నది లెక్క కాదు, పోలిక అనేవాళ్లూ ఉన్నారు. రోమన్ క్యాథలిక్ సంఘం ఈ పటాన్ని నేర్పదు. అంటే పుస్తకం ఒకటే, చదివే తీరులు మాత్రం చాలా.

పక్కింటి కాలజ్ఞానం

భయపడింది మేమొక్కరమే కాదు. మా పక్కిల్లు బంగారు పని చేసే ఆచారి తాతది. ప్రొద్దుటూరంటేనే బంగారం కదా! తాత పట్టకారు పక్కన పెట్టి సాయంత్రాలు కాలజ్ఞానం చెప్పేవాడు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి అయిన కందిమల్లాయపల్లె మా జిల్లాదే. ఇప్పుడందరూ బ్రహ్మంగారి మఠం అంటారు. స్వామి కాలజ్ఞానం రాసిన తాళపత్రాలు బనగానపల్లెలో చింతచెట్టు కింద పాతిపెట్టి ఉన్నాయని అక్కడివాళ్ల నమ్మకం. 1984లో ఎన్టీఆర్ బ్రహ్మంగారిగా నటించిన సినిమా వచ్చాక కాలజ్ఞానం తెలీని తెలుగు ఇల్లు లేదు.

అవ్వా, తాతా అరుగు మీద కూర్చుని రెండు పుస్తకాలనూ పోల్చుకునేవాళ్లు. ‘‘మా సామి వీరభోగ వసంతరాయలుగా వస్తాడమ్మా’’ అని తాత. ‘‘మా ప్రభువు మేఘాల మీద వస్తాడు సామీ’’ అని అవ్వ. గొడవ పడటం ఎప్పుడూ చూడలేదు. రాజులు అన్యాయంగా ఏలుతున్నారనీ, వానలు పోయాయనీ, ఇది ఇట్లాగే ఎల్లకాలం సాగదనీ ఇద్దరి నమ్మకం. పెన్నలో నీళ్లకన్నా ఇసుక ఎక్కువ కనిపించే ఊళ్లో, ఎవరో వచ్చి లెక్క తేలుస్తారన్న ఆశ ఏ మతానికైనా దగ్గరే.

నాటని మొక్కలు

మా మేనత్తది పులివెందుల పక్క పల్లె. క్రిస్మస్ వస్తే వైఎస్ కుటుంబం ప్రార్థనకు వెళ్లే సీఎస్ఐ చర్చిని టీవీల్లో చూసే ఉంటారు కదా, ఆ పులివెందులే. మామకు ఐదెకరాలు, ఒక బోరు. 1999లో బోర్లో నీళ్లు బాగున్నాయి. చుట్టుపక్కల రైతులు చీనీ తోటలు పెడుతుంటే మామ మాత్రం పెట్టలేదు. చీనీ మొక్క కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు ఆగాలి. ‘‘అన్నేండ్లు యాడుంటుందిలే లోకం’’ అన్నాడు. ఏటికేడు చేతికొచ్చే శనగకాయ పంటే వేసుకున్నాడు. ఆ ఏడు కూటాల్లో ఎవరో తేదీ చెప్పకుండానే తేదీ చెప్పినంత పని చేశారు మరి.

2000 వచ్చింది, పోయింది. 2005కల్లా గట్టు అవతలి రైతు చీనీకాయలు లారీకెత్తాడు. మామ ఆ లారీ వెళ్లే దాకా గట్టు మీదే నిలబడ్డాడని అత్త చెబుతుంది. తర్వాత నాటదామంటే బోరు అడుగంటింది. మామ ఎవరినీ తిట్టలేదు. ‘‘దేవుడు చెప్పలేదబ్బీ, నేనే తొందరపడినా’’ అన్నాడంతే.

మామలాంటి వాళ్లు ప్రపంచంలో చాలామంది. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలు గ్రంథం లెక్కగట్టి ప్రభువు రాకడ దగ్గరపడిందన్నాడు. ఆయన అనుచరులు 1844 అక్టోబర్ 22 అని తేల్చారు. కొందరు రైతులు పంట కూడా కోయకుండా పొలాల్లోనే వదిలేశారు. తెల్లారింది, ఏమీ జరగలేదు. చరిత్రలో దానికి ‘మహా నిరాశ’ అనే పేరు మిగిలింది. కాలిఫోర్నియా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. అది తప్పితే అక్టోబర్ 21 అన్నాడు. ఆ మరుసటి ఏడు తన తప్పు ఒప్పుకున్నాడు.

విచిత్రం ఏంటంటే, వీళ్లంతా చేతిలో పట్టుకున్న మత్తయి 24వ అధ్యాయమే ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని చెబుతుంది. దేవదూతలకే కాదు, కుమారుడికి కూడా తెలియదట. యుద్ధాలు, కరువులు, భూకంపాలు వచ్చినా కంగారుపడొద్దని, అవి పురిటినొప్పుల మొదలులాంటివని కూడా అక్కడే ఉంది.

కరువు చూసినవాళ్లు చదివిన పుస్తకం

మా జిల్లాలో ఈ పుస్తకం ఎట్లా పాతుకుందో వెదికితే ఒక కరువు తగులుతుంది. లండన్ మిషనరీ సొసైటీ కడపలో 1822లోనే పని మొదలుపెట్టింది. 1876-78లో ధాత కరువొచ్చింది. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల్లోనే దాదాపు 55 లక్షల మంది పోయారని అంచనా. బళ్లారి, కర్నూలు, కడప సీమలు దారుణంగా దెబ్బతిన్నాయి. కరువు పనికి పోయిన మగ కూలీకి సర్ రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన రోజు కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తర్వాత దళిత పేటలు పేటలుగా క్రైస్తవంలోకి వచ్చాయి. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో నల్లగుర్రం వస్తుంది. దాని మీద కూర్చున్నవాడి చేతిలో తక్కెడ. రోజంతా చేసిన కూలికి ఒక్క కొలత గోధుమలే దొరికే రోజుల గురించి ఆ దర్శనం. పౌను ధాన్యం కోసం మట్టి మోసినవాళ్లకు ఆ అధ్యాయం చదివి వినిపిస్తే, వ్యాఖ్యానం అవసరమై ఉంటుందా? వాళ్లకది రాబోయే కాలం కాదు, దాటొచ్చిన కాలం. ఆ పుస్తకం పుట్టిందీ అలాంటి జనం కోసమే. పత్మాసు దీవిలో ఉన్న యోహాను, నేటి టర్కీ పడమటి భాగంలోని ఏడు సంఘాలకు రాసిన మాటలవి. 666 అంటే నీరో చక్రవర్తేనని చాలామంది పండితుల అభిప్రాయం. హెబ్రీలో అక్షరాలకే అంకెల విలువ ఉంటుంది. ‘నీరో కైసరు’ పేరును ఆ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. అంటే హింస పడుతున్నవాళ్లకు, ఈ రాజ్యం ఎల్లకాలం ఉండదని ధైర్యం చెప్పిన పుస్తకం అది. మా చేతికొచ్చేసరికి పిల్లలను జడిపించే పుస్తకమైంది.

చిన్నవ్వ చేతి మీది మచ్చ

ఇదంతా నేను పనిగట్టుకుని చదివింది 2021లో. కారణం మా చిన్నవ్వ. అవ్వకు చెల్లెలు. జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది. డెబ్బై దాటింది, షుగరుంది. ఆ ఏప్రిల్‌లో టీకా వేయించుకోమంటే ‘‘సచ్చినా వేయించుకోను’’ అంది. ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూసిందట. టీకాలో ‘లూసిఫరేజ్’ ఉందట, లూసిఫర్ అంటే సాతానట, సూది మందుతో పాటు చిప్పు పోతుందట, అదే మృగం ముద్రట. పైగా టీకాకు ఆధార్ అడుగుతున్నారు. ‘‘నంబరు ఇచ్చినారు, ఇప్పుడు ముద్ర ఏస్తాండారు. ఇంతకాలం కాపాడుకున్న ఆత్మను ఈ వయసులో పోగొట్టుకోమంటావా?’’ అంది.

లూసిఫరేజ్ అనేది మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే ఎంజైమ్ అనీ, లాటిన్‌లో ఆ మాటకు వెలుగు తెచ్చేదని అర్థమనీ, మనకిచ్చే టీకాల్లో అది లేదనీ చెప్పా. ఆధార్ విషయంలో మిజోరంలో కూడా కొందరికి ఇదే భయం పట్టుకుందని చెప్పా. ఊహూ. ఊళ్లో అప్పటికే ఇద్దరు పోయారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. చిన్నవ్వను మూర్ఖురాలని తిట్టి ఫోన్ పెట్టేసిన రోజు కూడా ఉంది. అది తప్పని తర్వాత తెలిసింది. ఆమె నాతో వాదించడం లేదు. తను చనిపోయాక ఏమవుతుందో అని వణికిపోతోంది.

చివరికి జమ్మలమడుగులో రిటైరైన ఒక అయ్యగారి దగ్గరికి పోయా. ఎనభై ఏళ్ల మనిషి. మాస్కు కట్టుకుని నాతో బయల్దేరాడు. చిన్నవ్వ ఇంటి ముందు దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లూసిఫరేజ్ ఊసే ఎత్తలేదు.

‘‘ఏమ్మా, ఆ ముద్ర ఎవరికి వేస్తారని ఉంది గ్రంథంలో? మృగానికి మొక్కినోళ్లకు గదా! నిద్రలో వేస్తారనో, మోసం చేసి వేస్తారనో యాడన్నా ఉందా? నువ్వు మొక్కినావా?’’

‘‘లేదయ్యా.’’

‘‘ఏడో అధ్యాయంలో దేవుడి దాసులకు గూడా నొసట ముద్ర వేస్తారని ఉంది. దాన్ని ఒక్కరన్నా వెతుకుతాండారా? సైతాను ముద్రనే వెతుకుతాండాం మనం.’’

చిన్నవ్వ మాట్లాడలేదు. అయ్యగారు ఆమె భుజం వైపు చూపించాడు. ‘‘ఆ చేతి మీద గుండ్రటి మచ్చేందమ్మా?’’

చిన్నప్పుడు మశూచికి పొడిచిన టీకా మచ్చ అది. ‘‘అది ముద్ర కానప్పుడు ఇది ఎట్లైతాది? నీకు బైబిలిచ్చిన దొరలే మన జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రి గూడా కట్టినారు. సువార్త రాసిన లూకా ఎవరు? వైద్యుడు గదా!’’

ఆయన ప్రార్థన చేసి లేచాడు. చిన్నవ్వ చాలాసేపు ఆ మచ్చను బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చుంది. మరుసటి సోమవారం తనే ఆటో మాట్లాడుకుని పోయి టీకా వేయించుకుంది. ఫోన్ చేసి ‘‘ఎడమచేతికే ఏయించుకున్యాలే, కుడిచేయి ఎందుకైనా మంచిదని’’ అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అదే ఏడాది నవంబర్ 19న అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ముంచింది. ఇవన్నీ అంత్యదినాల గుర్తులేనని మళ్లీ వీడియోలు తిరిగాయి. చిన్నవ్వ చర్చి ఆడవాళ్లతో కలిసి రెండు మూటల చీరలు, బియ్యం పంపించింది.

మొన్న వెళ్లినప్పుడు రాత్రి పడుకోబోతూ అడిగా, ‘‘రాకడ ఎప్పుడొస్తుందంటావ్ చిన్నవ్వా?’’ అని.

‘‘నాకేం తెలుసబ్బీ. తొందరగా రావాలనే మొక్కుకుంటా.’’ దీపం ఆర్పబోతూ ఆగింది. ‘‘ఉద్దిబ్యాళ్లు నానబోసినా. ప్రభువు వస్తే పోదాం. రాకుంటే పొద్దున్నే దోసెలు తిందాం.’’