ట్రాక్టరు ట్రక్కునకు టైర్ల యెంపిక

కోతలు ముగిసి ధాన్యము తరలు దినములలో పంచరు దుకాణముల ముందు ట్రక్కులు నిలిచియుండుట మన గ్రామములలో నిత్యము కనబడునదియే. ట్రాక్టరు కొనునపుడు పదుగురిని విచారించి నెల దినము లాలోచించు రైతు, దాని వెనుక కట్టు ట్రక్కునకు (తెలంగాణమున ట్రాలీ యందురు) టైర్లు కొనునపుడు దుకాణదారుడు చూపిన మొదటి జతతోనే తృప్తి నొందుచున్నాడు. ధర తక్కువ యని లారీలు వాడి విడిచిన పాత టైర్లను వేయించువారును పెక్కురు గలరు. బస్తాలపై కూలీలను కూర్చుండబెట్టుట చట్టవిరుద్ధమే గాని, అట్లు కూర్చుండబెట్టుట మానలేదు. కావున టైరు పగిలినచో పోవునది ధాన్యము మాత్రమే కాదు.

టైరును చూచుటకు ముందు బరువును లెక్కింపవలెను. ఒకే యిరుసు గల ట్రక్కు ఖాళీగా 1500 కిలోలు తూగుననుకొందము. 75 కిలోల బస్తాలు 60 ఎత్తితిమేని 4500 కిలోలు, వెరసి 6000. ఇందు సుమారు పదవ వంతు, అనగా 600 కిలోలు, ట్రాక్టరు కొక్కెముపై బడును. తక్కిన 5400 రెండు టైర్లు మోయవలెను, ఒక్కొక్కదానికి 2700. చేలగట్టు దిగునపుడు ఒక ప్రక్కకు ఒరిగినచో ఆ ప్రక్క టైరుపై ఇంకను ఎక్కువ. కావున 2500 కిలోల టైరు ఎంత క్రొత్తదైనను ఈ ట్రక్కునకు చాలదు. 3000 కిలోలది కావలెను.

ఈ సంగతి టైరు ప్రక్కభాగముననే అచ్చువేయబడి యుండును. కొన్నిటిపై కిలోలలోనే యుండును. కొన్నిటిపై సంకేతపు అంకె యుండును. 140 అనిన 2500 కిలోలు, 146 అనిన 3000. లారీ టైర్లపై 146/143 వలె రెండంకె లుండిన, మొదటిది ఒంటి చక్రమునకు, రెండవది జంట చక్రములకు. మన ట్రక్కులకు ఒంటి చక్రములే గనుక మొదటిదానినే చూడవలెను. అంకె తరువాతి అక్షరము వేగమును తెలుపును: ఏ8 అనిన గంటకు 40 కిలోమీటర్లు, ఎఫ్ అనిన 80. "16 పి.ఆర్." అని యుండుట చూచి లోపల పదునారు పొరలు గలవని భ్రమపడరాదు, పూర్వము నూలుపొరల నెంచిన లెక్క నేడు బలమునకు గుర్తుగా మాత్రమే మిగిలినది.

లారీ వేగమున నడచిన టైరు, మెల్లగ పోవు ట్రాక్టరు వెనుక ఎక్కువ మోయలేదా యని కొందఱు మమ్ము ప్రశ్నించిరి. వేగము తగ్గినపుడు కొంత అదనపు భారమును తయారీదారులే అనుమతింతురు. అయితే అది మంచి స్థితిలోనుండి, వారు చెప్పినంత గాలి నింపిన టైరునకు మాత్రమే. పాత టైరు విషయము వేఱు. దాని వయస్సును తెలిసికొనుటకు నాలుగంకెల గుర్తును వెదకవలెను: 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. పైపట్టీ క్రొత్తగా అతికించినను ప్రక్కగోడ పాతదే. ఆ గుర్తును చెరిపివేసిన టైరును ఉచితముగా నిచ్చినను పుచ్చుకొనరాదని మా యభిప్రాయము.

గాలి విషయమై మన రైతులు చూపు అలక్ష్యము మాకు మిక్కిలి విచారకరము. టైరుపై వ్రాసిన భారము, దానిపైనే వ్రాసిన గాలి యున్నప్పుడే చెల్లును. గాలి తగ్గిన టైరు తిరిగినపుడెల్ల ప్రక్కగోడ వంగి లేచుచుండును. ఆ వంపునుండి వేడి పుట్టి, రబ్బరు పొరలు లోలోపల విడిపోవును. పైకేమియు కనబడదు. బరువుతో పది మైళ్లు నడచిన పిదప, నడివేసవి మధ్యాహ్నమున ఒక్కసారిగ పగులును. కొలతను ఉదయము, చక్రములు చల్లగా నున్నపుడే తీయవలెను. గాలిగేజి వెల స్వల్పము. నలుగురు కలసి ఒకటి కొనవచ్చును.

ట్రక్కు చక్రములను ఇంజను త్రిప్పదు. అవి వెనుక దొరలునవి. కావున లోతైన గుబ్బల పట్టీకై అధికముగా ధర పెట్ట నక్కఱలేదు. నిలువు గాళ్ల పట్టీ చాలును. ఒకే యిరుసుపై రేడియలు ఒకటి, మామూలుది ఒకటి వేయుట గాని, అరిగినదానికి క్రొత్తదానిని జతకూర్చుట గాని తగదు. ఎత్తు తేడా వలన భారము ఒక ప్రక్కకు మొగ్గును.

కూరగాయలను పికప్ బండిలో సంతకు తోలు సభ్యులకు ఒక మాట. రిమ్మునకు పట్టినదని కారు టైరును వేయించుకొనవలదు. కొలత తరువాత ఎల్.టి. లేక సి అను అక్షరమున్న టైరునే అడుగవలెను. వెనుక చిన్న ట్రైలరును కట్టువారు కొక్కెముపై బడు బరువును కూడ వెనుక టైర్ల లెక్కలోనే చేర్చవలెను.