నదులు నేపాల్‌వి, స్విచ్ ఢిల్లీది

చీకటి నుంచి కరెంటు ఎగుమతుల దాకా ఎదిగిన హిమాలయ దేశానికి ఇప్పుడు కొనేవారి షరతులే అడ్డంకి

ఎనభై మూడు వేల మెగావాట్లు. నేపాల్‌లో నాయకులు మైకు పట్టుకుంటే చాలు దొర్లే అంకె ఇది. ఆ దేశపు నదుల్లో సిద్ధాంతపరంగా అంత విద్యుత్తు ఉందని 1960లలో హరిమాన్ శ్రేష్ఠ అనే ఇంజనీరు లెక్కగట్టారు. అందులో గిట్టుబాటుగా తీయగలిగింది సగమేనని అంచనా. మరి 2024 నాటికి స్థాపిత సామర్థ్యం? 3 వేల మెగావాట్ల పైచిలుకు.

అయినా ఇది చిన్న విజయమేమీ కాదు. 2009 చలికాలంలో ఖాట్మండులో రోజుకు 16 గంటలు కోత. 2016లో విద్యుత్ అథారిటీ పగ్గాలు చేపట్టిన కుల్‌మాన్ ఘిసింగ్ హయాంలో ఆ చీకటి తొలగింది. సమర్థ నిర్వహణతో పాటు ముజఫర్‌పూర్-ధల్కేబర్ లైను మీదుగా భారత్ నుంచి వచ్చిన కరెంటూ అందుకు తోడైంది. 2021లో స్వదేశీ పెట్టుబడితో కట్టిన 456 మెగావాట్ల అప్పర్ తామాకోశి మొదలయ్యాక వానాకాలంలో మిగులు కూడా కనిపించింది.

చిక్కు అక్కడే వచ్చింది. నేపాల్ ప్రాజెక్టుల్లో అత్యధికం పెద్ద జలాశయం లేకుండా నది ప్రవాహం మీదే ఆధారపడినవి. వానల్లో కరెంటు పొంగిపొర్లుతుంది, చలికాలంలో అడుగంటుతుంది. అంటే ఆరు నెలలు అమ్మాలి, మిగతా కాలం కొనాలి. రెండింటికీ భారతే దిక్కు. 2021 నవంబరులో 39 మెగావాట్లతో ఎగుమతికి ఢిల్లీ తలుపు తెరిచింది కానీ, చైనా పెట్టుబడి లేదా కాంట్రాక్టర్ల ముద్ర ఉన్న ప్రాజెక్టుల కరెంటు వద్దంటోంది. తామాకోశి సివిల్ పనులు చేసింది చైనా కంపెనీయే మరి.

పాత అనుమానాలూ తక్కువేం కాదు. కోశీ (1954), గండక్ (1959) ఒప్పందాల్లో లాభం భారత్‌దే, నష్టం తమదేనన్న భావన నేపాల్‌లో బలంగా ఉంది. 1996 నాటి మహాకాళి ఒప్పందంలోని పంచేశ్వర్ డ్యామ్ ఇంకా కాగితాల మీదే ఉంది. మన రాజాం నుంచి ఎదిగిన గ్రంధి మల్లికార్జునరావు సంస్థ జీఎంఆర్‌కు 2008లో దక్కిన 900 మెగావాట్ల అప్పర్ కర్ణాలీదీ నత్తనడకే. నేపాల్‌కు 27 శాతం వాటా, 12 శాతం కరెంటు ఉచితంగా ఇస్తామన్నా, 2014లో అభివృద్ధి ఒప్పందం కుదిరినా, పదేళ్ల తర్వాత కూడా డ్యామ్ లేవలేదు.

మార్పు లేదని కాదు. పదేళ్లలో 10 వేల మెగావాట్లు కొనే ఒప్పందంపై 2024 జనవరిలో భారత్ సంతకం చేసింది. అదే ఏడాది నవంబరు 15న నేపాల్ కరెంటు మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్ చేరింది. 40 మెగావాట్లే కావచ్చు, కానీ ఒకే కొనుగోలుదారు అన్న గోడకు పడిన తొలి పగులు అది.

పెద్ద జలాశయాలు కడితే నేపాల్‌కు చలికాలపు వెలుగు, బీహార్‌కు వరదల నుంచి ఊరట దక్కవచ్చు. మునిగేవి మాత్రం నేపాల్ ఊళ్లు. ఆ నష్టానికి ఎవరు ఎంత చెల్లిస్తారో తేలకుండా ఎన్ని వేల మెగావాట్లకు సంతకాలు పెట్టినా ఆ నీళ్లు గంగలోకే.